అభయకబళం

శ్వేతశైల రాజ్యంలో రాజు కోపానికి ఒక పద్ధతి ఉంది, క్షమకు ఇంకొక పద్ధతి ఉంది. రాజాగ్రహం తలమీద ఉండగా ఎవడైనా కన్నుమూస్తే వాడి చితికి నిప్పు పెట్టరాదు. కట్టెలు పేర్చిన కొడుకైనా సరే, మంత్రం చెప్పే పురోహితుడైనా సరే, చేతులు కట్టుకుని నిలబడవలసిందే. శవాన్ని తీసుకుపోయి సముద్రపు పాయలో వదిలేస్తారు. వాడి బిడ్డలకు సింహాసనం మాట దేవుడెరుగు, సొంత ఇంటి గడప కూడా దక్కదు. ఆ ఆగ్రహం తీరిందని చెప్పడానికి తాఖీదులూ ముద్రటుంగరాలూ పనికిరావు. రాజు తన బంగారు పళ్ళెంలోని అన్నాన్ని తన చేత్తో ముద్దచేసి పంపాలి, అవతలివాడు దాన్ని తినాలి. అదే అభయకబళం. మోసుకుపోయేవాడు దాన్ని నేలమీద దించకూడదు. అప్పగించేదాకా తాను మెతుకు ముట్టకూడదు.

ఇదంతా ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, ఆ ఉదయం ఉగ్రకేతు మహారాజు రజతకోటలో పళ్ళెం ముందు కూర్చుని, అన్నం వంక చూస్తూ, తినకుండా ఉండిపోయాడు.

శ్యామవేణి నదికి అవతల, నల్లరేవు శిబిరంలో ఆయన పెద్దకొడుకు హేమాంగదుడు చావుబతుకుల్లో ఉన్నాడు. తన తరువాత కొడుకులు కొట్టుకు చావకూడదని మహారాజు తాను బతికి ఉండగానే హేమాంగదుడికి పట్టం కట్టాడు. కిరీటం పెట్టాడు గానీ కోట తాళాలు ఇవ్వలేదు. తన సింహాసనం పక్కన మరొకటి వేయించాడు గానీ, దానిమీద కూర్చున్నవాడు నోరు విప్పితే తానే అడ్డుపడేవాడు. రాజ్యానికి ఇద్దరు రాజులు, ఆజ్ఞ మాత్రం ఒక్కరిదే. ఓర్చుకున్నన్నాళ్ళు ఓర్చుకుని కొడుకు కత్తి దూశాడు. తండ్రి ఆగ్రహం ప్రకటించాడు. నిరుడు సంధి మాటలకని తెల్లజెండాతో వెళ్ళిన మహారాజు మీదికి కొడుకు కోటగోడ మీంచి బాణం ఒకటి వచ్చి, ఆయన ఉత్తరీయాన్ని చీల్చుకుపోయింది. ఆ బాణం వేసినవాణ్ణి పంపింది రెండోకొడుకు మకరాంకుడని లోకానికి తెలియదు. పెద్దవాడు రాజాగ్రహంలో పోతే, వాడి పసికొడుకు హక్కు కూడా పోయి, సింహాసనం తన ఒళ్ళో పడుతుందని మకరాంకుడి లెక్క.

నల్లరేవు నుంచి వచ్చిన దూత చేతులు కట్టుకుని చెప్పాడు. "చిన్న మహారాజుగారికి రేవు జ్వరం తగిలింది ప్రభూ. వైద్యులు ఆశ వదిలేశారు. మంచం వద్దన్నారు, నేలమీద బూడిద పరిపించుకుని పడుకున్నారు. నాన్నగారిని ఒక్కసారి రమ్మని చెప్పు, ఇంకేమీ అడగనన్నారు."

మకరాంకుడు తండ్రి వెనకనుంచి మెత్తగా అన్నాడు. "నాన్నగారూ, పోయినసారి బాణం గురి తప్పింది. ఇంకోసారి తప్పదు. ఆపైన మీ ఇష్టం."

మంత్రులు తలలు ఊపారు. మహారాజు అందరినీ బయటికి పొమ్మన్నాడు. వడ్డించేవాళ్ళను కూడా పొమ్మన్నాడు. గుమ్మం దగ్గర ఉన్న సారంగుణ్ణి మాత్రం ఉండమన్నాడు.

సారంగుడు రాజుగారి నావలకు నాయకుడు. పడవలపల్లె ఆడపడుచు వల్ల మహారాజుకు పుట్టినవాడు. కోటలో ఈ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. మహారాజు అతనికి నావలు ఇచ్చాడు, కత్తి ఇచ్చాడు, కొడుకా అనే పిలుపు మాత్రం ఇవ్వలేదు. అతను కూడా ప్రభూ అనడమే అలవాటు చేసుకున్నాడు.

"నన్ను చంపుతాడని భయం కాదు సారంగా," అన్నాడు మహారాజు. "ఒకవేళ అది ఉచ్చే అయితే, వాడు తండ్రిని చంపినవాడిగా చస్తాడు. అందుకని వెళ్ళలేను. వెళ్ళకుండా ఉండనూ లేను."

అని, పళ్ళెం దగ్గరికి లాక్కుని అన్నంలో చెయ్యి పెట్టాడు. ఆ వంశంలో రాజులు అన్నం కలుపుకోరు. వంటశాల అధికారి కలిపి, ఉసిరికాయలంత ముద్దలు చేసి పళ్ళెం అంచున వరసగా పెడితే, తీసి నోట్లో వేసుకోవడమే వాళ్ళ పని. ఏనుగు కుంభస్థలాన్ని ఒక్క వేటుతో చీల్చిన ఆ చెయ్యి పెరుగన్నాన్ని ముద్ద చేయలేక సతమతమైంది. వేళ్ళ సందుల్లోంచి మెతుకులు జారిపోయాయి. నలిపి నలిపి, ఒకవైపు గట్టిగా, ఒకవైపు వదులుగా, చిన్నపిల్లలు మట్టితో చేసిన బొమ్మలా ఒక ముద్ద తయారైంది. మహారాజు కళ్ళు తడిసి ఉన్నాయి. సారంగుడు ఆ కళ్ళనూ, తడబడే వేళ్ళనూ చూస్తున్నాడు గానీ, ముద్దలో ఏం పడిందో ఏం పడలేదో పట్టించుకోలేదు.

మహారాజు ముద్దను తామరాకులో చుట్టి, మైనపు గుడ్డలో కట్టి అతని చేతిలో పెట్టాడు. "వాడు తినేదాకా చూసి రా. తిన్నాడని నువ్వు చెబితే నమ్ముతాను. ఇంకెవరు చెప్పినా నమ్మను."

సారంగుడు పొట్లాన్ని తలపాగాలో బిగించి కట్టుకుని రేవుకు పరుగెత్తాడు. రేవులో ఒక్క పడవ లేదు. మకరాంకుడు తెల్లవారేసరికే అన్నిటినీ దిగువకు తరలించాడు. నావలకు నాయకుణ్ణన్న మాటే గానీ నాకు తెలియకుండా నావలన్నీ కదిలిపోయాయని సారంగుడికి తల కొట్టేసినట్టయింది. సిగ్గుపడుతూ కూర్చునే వేళ కాదు గనక గుర్రమెక్కి, ఎగువన ఉన్న తాళ్ళవంతెన వైపు దౌడు తీయించాడు.

వెనక దుమ్ము లేచింది. నల్లగుర్రాలమీద మకరాంకుడి రౌతులు. ఒక బాణం చెవిని రాసుకుపోయింది, ఇంకొకటి గుర్రం తొడలో దిగింది. గుర్రం కుంటుతూనే వంతెన మొదటికి చేర్చి కూలిపోయింది. సారంగుడు దానిమీంచి ఎగిరి వంతెన తాడు పట్టుకుని పరుగు అందుకున్నాడు. కింద శ్యామవేణి రాళ్ళమీద పడి నురగలు కక్కుతోంది. అతను నడిమికి వచ్చేసరికి ఇవతలి గట్టున గొడ్డళ్ళు లేచాయి. రెండు తాళ్ళూ ఒక్కసారే తెగాయి. వంతెన చచ్చిన పాములా వేలాడింది, సారంగుడు తలకిందులుగా నీళ్ళలో పడ్డాడు.

నీళ్ళు నేల కాదు గనక ఆచారం చెడలేదని మనం తీరిగ్గా తర్కించవచ్చు. సారంగుడికి అంత తీరిక లేదు. మునిగిన క్షణం నుంచి ఒక చెయ్యి తలమీదనే ఉంచి, రెండో చేత్తోనే ఈదాడు. మొసలి ఒకటి మెల్లగా పక్కకు వచ్చింది. పడవలపల్లెలో పుట్టినవాడికి మొసలి కొత్త కాదు, అది నోరు తెరవగానే దాని కంట్లో బొటనవేలు గుచ్చాడు. అది గిలగిల కొట్టుకుని అడుగుకు పోయింది. అవతలి గట్టుమీద పాకుతూ ఎక్కి, మొదట తల తడిమి చూసుకున్నాడు. మైనపు గుడ్డ లోపలికి నీళ్ళు పోలేదు. ఆ తరువాతే తన ఒంటిమీద ఎన్ని దెబ్బలు తగిలాయో చూసుకున్నాడు.

ఆ గట్టు దాటితే రౌప్యవనం. అక్కడి మానులకు బెరడు వెండిరేకులా మెరుస్తుంది. ఆకులు పైన తెల్లన, అడుగున నీలం. గాలి వీచినప్పుడల్లా అడవి అడవంతా రంగు మారుతుంది. కొమ్మకొమ్మకూ అల్లుకున్న తీగలకు పగడాల గుత్తుల్లాంటి పూలు, ఆ పూలనుంచి జారే పుప్పొడి పొగమంచులా నేలను కప్పి ఉంటుంది. నీటి ఊటలు స్ఫటికంలా ఉంటాయి. ఇంత అందంలోనూ ఒక్క పిట్ట కూయదు, ఒక్క చీమ పాకదు. మకరాంకుడి మాంత్రికుడు ధూమకర్ణుడు ఆ వనంలో తపస్సు మొదలుపెట్టాక ప్రాణమున్నదల్లా అక్కణ్ణుంచి తరలిపోయింది.

సారంగుడు ఊట పక్కగా వెళ్తుండగా వెనక గుర్రపు డెక్కల చప్పుడైంది.

"ఆగు కుమారా," అన్న గొంతు విని ఆగిపోయాడు.

తెల్లగుర్రం మీద ఉగ్రకేతు మహారాజు. వెంట ఎవరూ లేరు. గుర్రం దిగి, ఆయాసపడుతూ వచ్చి, అతని భుజంమీద చెయ్యి వేశాడు.

"నువ్వు వెళ్ళాక గుర్తొచ్చింది నాయనా. కబళంలో ఉప్పు వెయ్యలేదు. ఉప్పు లేని ముద్ద ఎవరికి పెడతారు?"

"పోయినవాళ్ళకు ప్రభూ."

"బతికున్న కొడుక్కి పిండం పంపిన తండ్రినవుతాను. ఇటివ్వు, నా చేత్తోనే సరిచేసి ఇస్తాను."

కుమారా అన్న ఆ ఒక్క పిలుపుకు సారంగుడి మనసు కరిగిపోయింది, వంతెన తెగాక ఈయన ఏరు ఎలా దాటాడన్న ఆలోచనే రాలేదు. పుట్టినప్పటినుంచీ ఎదురుచూసిన మాట అది. తలపాగా విప్పి పొట్లం అందించాడు. మహారాజు దాన్ని మోకాలిమీద పెట్టుకుని చకచకా ముడి విప్పాడు, తామరాకు తెరిచాడు. మొలలోంచి చిన్న సంచి తీసి, అన్నానికి సరిపడా ఉప్పును మూడు వేళ్ళమధ్య పట్టి, నలుపుతూ చెయ్యి ముద్దమీదికి తెచ్చాడు.

సారంగుడి చూపు ఆ వేళ్ళమీద పడింది. పొద్దున అన్నంతో కుస్తీ పట్టిన వేళ్ళు ఇంతలోనే ఇంత ఒడుపు ఎక్కడ నేర్చాయి? అతను ఆ మణికట్టు పట్టుకున్నాడు.

"ప్రభూ, ఈ ఉప్పు ఎక్కడిది?"

"వంటింట్లో పొయ్యి పక్కన గూట్లో రాతిచిప్ప ఉంటుంది కదా, దాన్లోది."

"మా ప్రభువుకు వంటిల్లు ఏ దిక్కున ఉందో తెలియదు," అంటూ సారంగుడు ఎడమచేత్తో పొట్లం లాక్కుని, కుడిచేత్తో బాకు దూశాడు.

అతను వదిలిన మణికట్టు పొగలా కరిగిపోయింది. ఉప్పు గడ్డిమీద రాలింది. రాలినమేరా గడ్డి నల్లబడి మాడిపోయింది. తెల్లగుర్రం ఉన్నచోట మనిషెత్తు గబ్బిలం రెక్కలు విప్పింది, మహారాజు ఉన్నచోట బూడిదరంగు జడలతో ధూమకర్ణుడు నిలిచాడు. గబ్బిలం గోళ్ళు చాచి పొట్లంమీదికి దూకింది. సారంగుడు వంగి, పొట్లాన్ని పొట్టలో దాచుకుని, బాకును పైకి ఎత్తిపట్టాడు. దూకిన ఊపుకు అదే దానిమీద గుచ్చుకుంది. ధూమకర్ణుడు మంత్రదండం ఎత్తేలోగా రెండో వేటుకు అతని కుడిచెవి తెగి ఊటలో పడింది. ఆ చెవిలోనే అతని మాయలన్నీ ఉన్నాయి కాబోలు, మాంత్రికుడు పొగై చెట్లమీదికి లేచిపోయాడు.

పైనుంచి నవ్వు వినిపించింది. "నా రూపం అబద్ధం గానీ నా మాట నిజమే సారంగా. అంజనంలో చూశాను. మీ రాజు ఉప్పు వెయ్యలేదు. తీసుకెళ్ళు, అన్నకు పిండం పెట్టి రా."

సారంగుడు పొద్దుటి పళ్ళేన్ని కళ్ళముందు పెట్టుకుని వెతికాడు. తెల్లటి అన్నం, పెరుగు గిన్నె, నీళ్ళ చెంబు. ఉప్పు గిన్నె ఎక్కడా కనిపించలేదు. కలిపి పెట్టేవాడు ఉప్పు తన వెంటే తెచ్చుకుంటాడు గనక ఆ పళ్ళెంలో ఉప్పు గిన్నె పెట్టే వాడుకే లేదు. ఆ కోటలో పుట్టి, ఆ కోటలో పెరిగిన రాజుకు మాత్రమే సాధ్యమయ్యే పొరపాటు అది. వెనక్కి వెళ్ళి సరిచేయించుకు వద్దామంటే వంతెన లేదు. వెళ్ళి వచ్చేలోగా హేమాంగదుడు ఉండడు.

అడవి దాటగానే నల్లరేవు ఉప్పుమడులు వచ్చాయి. కనుచూపు మేరంతా ఉప్పు కుప్పలు ఎండలో మెరుస్తున్నాయి. సారంగుడు ఒక కుప్ప దగ్గర నిలబడ్డాడు. ఒక్క చిటికెడు చాలు. ఎవరూ చూడరు, ఎవరికీ తెలియదు. చెయ్యి చాచి ఉప్పు పట్టుకున్నాడు కూడా. కానీ ఆ ముద్దలో వేలు పెట్టే హక్కు ముద్ద చేసినవాడికే ఉంది. తన వేలు పడితే అది తండ్రి కబళం కాదు, అన్న చితికి దొంగనిప్పు పెట్టినట్టవుతుంది. సారంగుడికి భయం వేసింది. మొసలికి వేయని భయం, మాంత్రికుడికి వేయని భయం ఆ చిటికెడు ఉప్పుకు వేసింది. చేతిలోది కుప్పమీదే వదిలేశాడు.

మడుల అంచున మకరాంకుడి మనుషులు కాపలా తిరుగుతున్నారు. వచ్చేపోయేవాళ్ళ తలపాగాలు విప్పించి చూస్తున్నారు. ఒక ముసలి ఉప్పరి తట్ట నింపుకుని శిబిరం వైపు నడవబోతుంటే సారంగుడు దగ్గరికి వెళ్ళి, "మామా, నీ తట్ట నేను మోస్తాను, నీ గోచీగుడ్డ నాకివ్వు," అన్నాడు.

ముసలివాడు అతని ఒంటిమీది నెత్తుటి మరకలు చూశాడు. "ఆ చెయ్యి అట్లా తిన్నగా పట్టకు బాబూ. ఉప్పు మోసేవాడు మెడ వంచడు, మోచెయ్యి వంచుతాడు," అని మాత్రం చెప్పాడు.

సారంగుడు పొట్లాన్నీ బాకునూ ఉప్పులో పూడ్చి, తట్ట నెత్తిన పెట్టుకుని, కాపలావాళ్ళ మధ్యనుంచి మోచెయ్యి వంచి నడిచిపోయాడు. వాళ్ళు అతని మొల తడిమారు, నోరు తెరిపించి చూశారు. తట్టనిండా ఉప్పు, దాని నడుమ ఉప్పు లేని ముద్ద. నవ్వు వచ్చే సంగతే గానీ ఆ పూట అతనికి నవ్వే ఓపిక లేదు.

శిబిరం నిశ్శబ్దంగా ఉంది. గుర్రాలు కూడా సకిలించడం లేదు. ఒక పక్క చందనపు కట్టెలు పేర్చి, చితి సిద్ధం చేసి ఉంచారు. రాజుమీద కత్తి ఎత్తడానికి జంకని ఆ వీరులు, కబళం రాకపోతే ఆ చితిమీద ఒక్క నిప్పురవ్వ వెయ్యడానికి జంకుతారు. మనుషులు అంతే, కత్తిని కాదనగలరు గానీ ఆచారాన్ని కాదనలేరు. డేరా గుమ్మంలో సేనాని రుద్రభల్లుడు ఈటె అడ్డం పెట్టాడు. సారంగుణ్ణి చూడగానే గుర్తుపట్టాడు.

"పడవల సారంగుడివి కదూ. పెద్దాయన రాలేదా?"

"రాలేదు. కబళం పంపారు."

రుద్రభల్లుడి ముఖం విప్పారింది. వెంటనే ముడుచుకుంది. "మకరాంకుడు తిరుగుతున్న దారిలో వచ్చిన అన్నం. ముందు నేను చూడాలి." అని పొట్లం విప్పించి, అంచున రాలిన మెతుకు ఒకటి నాలుకమీద వేసుకున్నాడు. అతని కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఉప్పు లేదు," అన్నాడు. చుట్టూ ఉన్న వీరులకు వినపడేట్టు మళ్ళీ అన్నాడు. "ఉప్పు లేదు. బతికున్న కొడుక్కి పిండం పంపాడు."

ఒరలలోంచి కత్తులు వచ్చాయి. రుద్రభల్లుడి ఈటె మొన సారంగుడి గొంతుమీద ఆనింది. సారంగుడు పొట్లాన్ని రెండు చేతుల్లో పట్టుకుని ఉన్నాడు, బాకు తీయాలంటే దాన్ని దించాలి.

"మహారాజు తన చేత్తో కలపడం నేను చూశాను," అన్నాడు. "మరిచిపోయారు. అంతే జరిగింది. నన్ను చంపేట్టయితే ముందు దీన్ని ఎవరైనా అందుకోండి. నేలమీద పడకూడదు."

"చక్రవర్తి మరిచిపోతాడా? అంత మాట నమ్మడానికి మేం పసిపిల్లలమా?"

"ఎవర్రా అది?" అని లోపలినుంచి సన్నగా వినిపించింది. "లోపలికి రానివ్వండి."

హేమాంగదుడు నేలమీద బూడిదలో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఒకప్పుడు కిరీటం పెట్టుకుని ఏనుగెక్కితే వీధులు వీధులే అరుగులెక్కి చూసిన మనిషి. ఇప్పుడు బుగ్గలు పీక్కుపోయి, పెదవులు పగిలి, కళ్ళొక్కటే మిగిలాయి. ఆ కళ్ళు సారంగుడి వెనక గుమ్మం వైపు చూశాయి. ఎవరూ రాకపోవడం చూసి మెల్లగా వెనక్కి తిరిగాయి.

"రాలేదు కదూ," అన్నాడు.

సారంగుడు మోకాళ్ళమీద కూర్చుని పొట్లం చూపించాడు. దారిలో జరిగిందంతా దాచకుండా చెప్పాడు. ఉప్పు సంగతీ చెప్పాడు. ఉప్పుమడి దగ్గర చిటికెడు తీసుకుని వదిలేసిన సంగతి కూడా చెప్పాడు. రుద్రభల్లుడు ఈటె దించకుండా వెనకే నిలబడ్డాడు.

హేమాంగదుడు ముద్ద వైపు చూశాడు. ఒకవైపు గట్టిగా, ఒకవైపు వదులుగా, వేళ్ళ గుర్తులు లోతుగా పడి, సొట్టలుపోయిన ముద్ద. చూస్తూ చూస్తూ ఉండగా అతని పగిలిన పెదవులు కదిలాయి. నవ్వుతున్నాడని సారంగుడికి మొదట అర్థం కాలేదు.

"రుద్రా, ఈటె తియ్యి," అన్నాడు. "మంత్రులు కలిపించి ఉంటే ఇందులో ఉప్పు ఉండేది. వంటవాడు కలిపి ఉంటే ముద్ద గుండ్రంగా ఉండేది. మకరాంకుడు పంపి ఉంటే తేనె కూడా ఉండేది. మా నాన్న అన్నం ఎప్పుడైనా కలిపాడా? ఆయనకు ఉప్పు వెయ్యాలని తెలిస్తే కదా. ఇది ఆయన చెయ్యేనయ్యా. నాకోసం అన్నంలో చెయ్యి పెట్టాడు."

అతని కళ్ళనుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. రుద్రభల్లుడు ఈటె కింద పడేసి తల తిప్పుకున్నాడు. సారంగుడు ముద్దలోంచి కొంచెం కొంచెంగా తుంచి అన్న నోట్లో పెట్టాడు. ప్రతి ముద్దా మింగడానికి హేమాంగదుడికి చాలాసేపు పట్టింది. ఒక్క మెతుకు మిగలనివ్వలేదు. తామరాకుకు అంటుకున్నది కూడా వేలితో తీయించుకుని తిన్నాడు.

"ఇంక నాకు నిప్పు పెట్టొచ్చు," అన్నాడు రుద్రభల్లుడితో. తరువాత సారంగుడి చెయ్యి పట్టుకున్నాడు. "తమ్ముడూ."

సారంగుడు అలవాటు చొప్పున, "ప్రభూ," అన్నాడు.

"అన్నా అను. అలవాటు చేసుకోవడానికి నాకట్టే సమయం లేదు." ఊపిరి తీసుకున్నాడు. "నాకొక పని చేసిపెట్టాలి. రుద్రా, పళ్ళెంలో అన్నం తెప్పించు. పెరుగు, ఉప్పు కూడా."

తెచ్చారు. హేమాంగదుడు లేవలేకపోయాడు. రుద్రభల్లుడు వెనకనుంచి ఎత్తి తన గుండెకు ఆనించుకున్నాడు. అతని చెయ్యి అన్నంలోకి వెళ్ళింది. పెరుగు కలిపింది. ఉప్పు గిన్నెలోంచి చిటికెడు తీసింది, చూసింది, కొంచెం తగ్గించింది, వేసింది.

"దండులో ఇన్నాళ్ళు సైనికులతో కూర్చుని తిన్నాను. నాకు కలపడం వచ్చు," అన్నాడు హేమాంగదుడు. "నాకు పట్టం కట్టారు గానీ ఒక్క ఆజ్ఞ ఇవ్వనివ్వలేదు. అయినా పట్టం కట్టించుకున్నవాడు రాజే. నేను కూడా కబళం పంపగలను. ఇది ఆయనకు."

"మహారాజుకా?" అన్నాడు రుద్రభల్లుడు.

"ఆయనకే. పిలిచాను, రాలేదు. నా చితి పొగ కనిపించాక ఆ ఒక్కటే ఆయన్ని తినేస్తుంది. ఆయన మీద ఆగ్రహించగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను పోయాక ఆయన్ని క్షమించడానికి ఈ లోకంలో ఎవరూ ఉండరు." ముద్దను ఆకులో పెట్టి తమ్ముడి అరచేతుల్లో ఉంచాడు. "తినేదాకా నిలబడు. తినకపోతే నా ఆజ్ఞ అని చెప్పు. మొదటిదీ, చివరిదీ."

సారంగుడు పొట్లం తలపాగాలో కట్టుకుని లేచేసరికి, హేమాంగదుడి తల రుద్రభల్లుడి భుజంమీద పక్కకు వాలింది. రుద్రభల్లుడు ఆ తలను అలాగే పట్టుకుని, "మా ప్రభువుకు నిప్పు తెండి," అని గట్టిగా అన్నాడు. అంత పెద్ద శిబిరంలో ఆ మాట ఈ చివరినుంచి ఆ చివరికి పాకింది.

ఎవరో సారంగుడికి గంజి తెచ్చి ఇవ్వబోయారు. నిన్న రాత్రినుంచి కడుపులో ఏమీ లేదు. అతను తల అడ్డంగా ఊపాడు. ఒక కబళం అప్పగించాడు గానీ ఇంకొకటి నెత్తిన ఉంది. "అన్నా," అని గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి అని, రేవులోకి పరుగెత్తి శిబిరం నావ ఒకటి నీళ్ళలోకి తోశాడు.

నది నడిమికి వచ్చేసరికి చితి అంటుకుంది. చందనపు పొగ తెల్లగా, నిటారుగా ఆకాశంలోకి లేచింది. దానితో హేమాంగదుడి పసికొడుకు హక్కు నిలిచింది, మకరాంకుడి ఇన్నేళ్ళ పన్నాగం బూడిదైంది. దిగువన పొంచి ఉన్న మకరాంకుడి నావలు కూడా ఆ పొగను చూశాయి. నల్లటి తెరచాపలు ఒకటొకటిగా లేచాయి. సారంగుడు బాకు పళ్ళమధ్య పెట్టుకుని, అవి తనమీదికి వస్తాయని ఎదురుచూశాడు.

అవి అతని వైపు రాలేదు. మొదటి నావ ముక్కుమీద, కుడిచెవికి గుడ్డ కట్టుకున్న ధూమకర్ణుడి పక్కన, మకరాంకుడు నిలబడి ఉన్నాడు. అతను చెయ్యి ఎత్తి చూపించింది రజతకోట రేవు వైపు. అన్న కొడుకు హక్కును ఇక చెరపలేడు. పసివాడికి పట్టం కట్టగల ముసలివాడు మాత్రం అక్కడ, కాపలా లేని భోజనశాలలో, తినకుండా వదిలేసిన పళ్ళెం ముందు కూర్చుని కబురుకోసం ఎదురుచూస్తూ ఉంటాడు.

నావలన్నీ ఒక్కసారిగా ఎగువకు తిరిగాయి. సారంగుడు ఒంటి తెడ్డును రెండు చేతులా పట్టుకున్నాడు. ముద్ద తినవలసినవాడు అది చేరేదాకా బతికి ఉండాలి. చేతులు తెగిపోయేట్టు తెడ్డు వేస్తూ, జీవితంలో మొదటిసారి, ఎవరికీ వినపడని నడి ఏటిలో, "నాన్నా, తలుపు వేసుకో," అన్నాడు.